కరెంటు ఎప్పుడు పోయినా డేటా చెదరకుండా: కొలత పరికరాల మెమరీ వాడకానికి సమగ్ర మార్గదర్శి

కొలత పరికరం పూర్తిగా ఆగిపోతే వాడేవాళ్లు దాన్ని పక్కన పెట్టి రిపేరుకు పంపిస్తారు. అది ఆన్ అయి, మామూలుగా పనిచేస్తున్నట్టే ఉండి, తప్పు అంకె చూపిస్తే మాత్రం ఎవరికీ అనుమానం రాదు. ఆ అంకెను నమ్మి ఒకరు వాల్వు తిప్పుతారు, ఇంకొకరు మందు మోతాదు లెక్క కడతారు. మెమరీలో దాచిన కాలిబ్రేషన్ విలువల్లో (కొలతను సరిచేసే అంకెల్లో) ఒక్క బైటు చెదిరినా ఇలా జరగొచ్చు. అందుకే ఫర్మ్‌వేర్‌లో (పరికరం లోపల నడిచే ప్రోగ్రాములో) నేను అన్నిటికంటే జాగ్రత్తగా చూసేది డేటాను దాచి, తిరిగి చదివే భాగాన్నే.

మైక్రోకంట్రోలర్‌తో పరికరాలు తయారుచేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సీ భాష, ఐ2సీ బస్సు (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల దారి) గురించి కొంత తెలిసి ఉంటే చాలు. ఇక్కడ చెప్పే ప్రతి అడుగూ ఒకే నియమం కోసం: కరెంటు ఏ క్షణంలో పోయినా సరే, తిరిగి వచ్చాక మెమరీలో పాత విలువైనా పూర్తిగా ఉండాలి, కొత్త విలువైనా పూర్తిగా ఉండాలి. సగం అది, సగం ఇది ఎప్పుడూ ఉండకూడదు.

1. ఏమేం దాచాలో ముందు విడదీయండి

కోడ్ మొదలుపెట్టక ముందే జాబితా రాసుకోండి. సీరియల్ నంబరు, హార్డ్‌వేర్ వెర్షన్ లాంటివి ఫ్యాక్టరీలో ఒక్కసారే రాస్తాం. కాలిబ్రేషన్ గుణకాలు బహుశా ఏడాదికోసారి మారతాయి. యూనిట్లు, అలారం హద్దులు, బ్యాక్‌లైట్ లాంటి సెట్టింగులు వాడేవాళ్ల ఇష్టాన్నిబట్టి మారుతుంటాయి. పనిచేసిన గంటలు, మొత్తం ప్రవాహం, లాగ్ లాంటివి నిరంతరం మారుతూనే ఉంటాయి.

వీటన్నిటినీ ఒకే స్ట్రక్చర్‌లో పెట్టి ఒకేసారి రాసేయడం చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. కోడ్ చిన్నగా ఉంటుంది, నిజమే. కానీ ఎవరో బ్యాక్‌లైట్ తగ్గించిన ప్రతిసారీ కాలిబ్రేషన్ కూడా చెరిగి మళ్లీ రాయబడుతుంది. ఏడాదికోసారి రావలసిన ప్రమాదం రోజుకు పదిసార్లు వస్తుంది. ఎంత తరచుగా మారుతుంది, పోతే ఎంత నష్టం అనే రెండు ప్రశ్నలు అడిగి, జవాబు వేరైన ప్రతిదాన్నీ వేరే చోట పెట్టండి. వేరే చోటు అంటే వేరే అడ్రసు కాదు, వేరే పేజీ. ఎందుకో కింద చెబుతాను.

2. మీ చిప్ స్వభావం తెలుసుకోండి

ఈఈప్రామ్ అంటే కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ. ఇందులో బైటు బైటుగా మార్చుకోవచ్చు. బాగా వాడుకలో ఉన్న 24ఎల్‌సీ256 చిప్‌లో 32 కిలోబైట్లు ఉంటాయి, పేజీకి 64 బైట్లు. 10 లక్షల సార్లు రాయవచ్చని డేటాషీట్ చెబుతుంది. ఒకసారి రాయడానికి గరిష్ఠంగా 5 మిల్లీసెకన్లు పడుతుంది. ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ లోపలి ఈఈప్రామ్ 1024 బైట్లు, లక్ష సార్లు.

చాలామంది చదవకుండా దాటేసే వాక్యం ఒకటి 24ఎల్‌సీ256 డేటాషీట్‌లో ఉంది. పేజీలో ఒక్క బైటు మార్చినా చిప్ లోపల మిగతా 63 బైట్లు కూడా మళ్లీ రాయబడతాయి, కాబట్టి ఆయుష్షును పేజీ మొత్తానికి లెక్కపెట్టాలి. దీని అర్థం ఏమిటంటే, కాలిబ్రేషన్ గుణకం పక్కనే అదే పేజీలో నిమిషానికోసారి మారే కౌంటరు పెడితే, కౌంటరుతో పాటు కాలిబ్రేషన్ ఉన్న సెల్స్ కూడా అరుగుతాయి. వేరే పేజీ కావాలన్నది ఇందుకే.

ఫ్లాష్ పద్ధతి వేరు. చెరిపితే అన్ని బిట్లూ 1 అవుతాయి. రాయడమంటే కొన్నిటిని 0 చేయడమే. ఒక్క బిట్టును 0 నుంచి 1కి మార్చాలన్నా పేజీ మొత్తం చెరపాల్సిందే. ఎస్టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్‌లో పేజీ 1 లేదా 2 కిలోబైట్లు, హామీ ఇచ్చేది 10 వేల సార్లకే. పైగా ప్రోగ్రాము కూడా అదే ఫ్లాష్ నుంచి నడుస్తుంటే, చెరిపే 20 నుంచి 40 మిల్లీసెకన్లలో ప్రాసెసర్ ఆగిపోతుంది. ఆ సమయంలో రావలసిన శాంపిళ్లు పోతాయి. కొలత మధ్యలో సేవ్ చేయకండి.

ఎఫ్‌రామ్ కూడా కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీయే, కానీ రాసిన తర్వాత ఆగాల్సిన పని లేదు. ఎఫ్ఎం24సీఎల్64బీ చిప్ కోటి కోట్ల సార్లు తట్టుకుంటుందని డేటాషీట్ హామీ. తరచుగా మారే కౌంటర్లకు నేనైతే దీన్నే ఎంచుకుంటాను. కానీ ఎఫ్‌రామ్ ఉంది కదా అని కింద చెప్పే జాగ్రత్తలు వదిలేయకూడదు. పది బైట్ల రికార్డులో ఐదో బైటు దగ్గర కరెంటు పోతే ఎఫ్‌రామ్‌లోనూ రికార్డు సగమే మిగులుతుంది.

పాత పరికరాలు బాగుచేసేవాళ్లకు ఇంకో రకం ఎదురవుతుంది: బ్యాటరీతో బతికే ఎస్‌రామ్. డీఎస్1230వై లాంటి మాడ్యూళ్లలో లిథియం బ్యాటరీ లోపలే ఉంటుంది. కరెంటు లేకుండా డేటా నిలిచేది కనీసం 10 ఏళ్లని తయారీదారు చెప్పిన లెక్క. అలాంటి పరికరం చేతికొస్తే మొదట మెమరీ మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే.

3. ఎన్నిసార్లు రాస్తారో లెక్క వేయండి

నిమిషానికోసారి ఒకే చోట రాస్తే రోజుకు 1440 సార్లు. లక్ష సార్ల హామీ ఉన్న ఈఈప్రామ్ 69 రోజుల్లో ఆ హామీ దాటిపోతుంది. 10 లక్షల చిప్ అయితే రెండేళ్లు కూడా నిండవు. అదే రికార్డును 64 స్లాట్లలో (ఒక్కో రికార్డు పట్టే చోట్లలో) వరుసగా తిప్పుతూ రాస్తే, లక్ష సార్ల మెమరీ కూడా 12 ఏళ్లు వస్తుంది. ఏటీమెగా328పీలో 8 బైట్ల రికార్డులకు 64 స్లాట్లు అంటే 512 బైట్లు, సరిపోతాయి. బయటి 24ఎల్‌సీ256 అయితే ఒక్కో స్లాటును ఒక్కో పేజీలో పెట్టాలి. ఒకే పేజీలో ఎనిమిది స్లాట్లు పెట్టి తిప్పితే అరుగుదల ఏమీ తగ్గదు.

మారని విలువను మళ్లీ రాయకపోవడం ఇంకా తేలికైన పొదుపు. ఏవీఆర్ లైబ్రరీలో ‘అప్‌డేట్’ పేరుతో ఉన్న ఫంక్షన్లు ముందు చదివి, తేడా ఉంటేనే రాస్తాయి. ‘రైట్’ ఫంక్షన్లు గుడ్డిగా రాసేస్తాయి. మెనూలో నాబ్ తిప్పుతున్నప్పుడు అయితే ప్రతి మెట్టుకూ సేవ్ చేయకండి. నాబ్ ఆగి ఐదు సెకన్లు గడిచాక ఒక్కసారి చేస్తే చాలు.

4. రికార్డుకు ఒక రూపం ఇవ్వండి

సమస్య ఎక్కడ పుడుతుందో దగ్గరగా చూద్దాం. గంటల మీటరులో 511 ఉంది, దాన్ని 512 చేయాలి. రెండు బైట్లలో 511 అంటే పై బైటు 1, కింది బైటు 255. 512 అంటే పై బైటు 2, కింది బైటు 0. కోడ్ కింది బైటును ముందు రాసింది, అంతలో కరెంటు పోయింది అనుకోండి. మెమరీలో మిగిలేది 1, 0. అంటే 256. పై బైటును ముందు రాస్తే 2, 255 మిగులుతాయి. అంటే 767. రెండూ నమ్మదగ్గ అంకెలే. విలువ హద్దుల్లో ఉందా అని ఎంత పరీక్షించినా ఇది దొరకదు.

కాబట్టి విలువను ఒంటరిగా దాచకూడదు. ప్రతి రికార్డులోనూ ఈ వరుసలో పెట్టండి: అది ఏ రకం రికార్డో చెప్పే గుర్తు, ఫార్మాట్ వెర్షన్, పొడవు, వరుస సంఖ్య, అసలు డేటా, చివర సీఆర్‌సీ (డేటా చెదిరితే పట్టుకోవడానికి ఆ బైట్ల నుంచే లెక్కకట్టే సంఖ్య). సీఆర్‌సీ లెక్కలోకి మొదటి గుర్తు నుంచి డేటా చివరి దాకా అన్నీ రావాలి. చిన్న రికార్డుకు 16 బిట్ల సీఆర్‌సీ చాలు, కాలిబ్రేషన్ పట్టికలకు 32 బిట్లది వాడండి. మామూలు కూడిక చెక్‌సమ్ వద్దు. రెండు బైట్లు తారుమారైతే అది పట్టుకోలేదు.

సీఆర్‌సీని సున్నాతో మొదలుపెట్టకండి. అలా చేస్తే అన్నీ సున్నాలే ఉన్న రికార్డుకు సీఆర్‌సీ కూడా సున్నాయే వస్తుంది, ఖాళీ సున్నాల గుంపు సరైన రికార్డుగా చెల్లిపోతుంది. అన్ని బిట్లూ 1 ఉన్న విలువతో మొదలుపెట్టండి. మీ ఫంక్షన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి 1 నుంచి 9 దాకా అంకెల అక్షరాలను ఇవ్వండి. మామూలు సీఆర్‌సీ-32కి హెక్స్‌లో సీబీఎఫ్43926 రావాలి.

స్ట్రక్చర్‌ను ఉన్నదున్నట్టు మెమరీలోకి కాపీ చేసే అలవాటు మానుకోవాలి. కంపైలర్ మధ్యలో ఖాళీ బైట్లు చొప్పిస్తుంది. కంపైలర్ మారినా, స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డు వరుస మారినా రేపటి ఫర్మ్‌వేర్ నిన్నటి డేటాను తప్పుగా చదువుతుంది. ఏ బైటు ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించి, ఒక్కో బైటును మీ చేతులతో బఫర్‌లో పెట్టండి. రాయడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఏళ్ల తరబడి నిశ్చింత.

5. రెండు స్లాట్ల పద్ధతి

మొత్తం మార్గదర్శికి ఇదే గుండె. ప్రతి రకం రికార్డుకూ వేర్వేరు పేజీల్లో రెండు స్లాట్లు ఉంచండి. రాయడం ఎప్పుడూ పాత స్లాటులోకే. తాజాది ఉన్న స్లాటును ముట్టుకోకూడదు.

ముందు రెండు స్లాట్లూ చదివి, సీఆర్‌సీ సరిపోయిన వాటిలో వరుస సంఖ్య పెద్దది ఏదో తేల్చండి. ర్యామ్‌లో కొత్త రికార్డు తయారు చేయండి. వరుస సంఖ్యకు ఒకటి కలిపి, సీఆర్‌సీ లెక్కకట్టండి. డేటాను ఇంటరప్ట్ రొటీన్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి నడిచే కోడ్) కూడా మారుస్తుంటే, కాపీ చేసే ఆ కొద్ది క్షణాలూ ఇంటరప్ట్‌లు ఆపండి. లేదంటే రికార్డు ర్యామ్‌లోనే చెదిరిపోతుంది, దాని మీద లెక్కించిన సీఆర్‌సీ కూడా చక్కగా సరిపోతుంది. తర్వాత రెండో స్లాటులోకి రాయండి. ఫ్లాష్ అయితే ముందు ఆ స్లాటు పేజీని చెరపండి. రాసినదాన్ని మెమరీ నుంచి మళ్లీ చదివి, బైటు బైటూ పోల్చండి. సరిపోయాకే ‘సేవ్ అయింది’ అని స్క్రీన్ మీద చూపించండి.

మధ్యలో ఎక్కడ కరెంటు పోయినా రాస్తున్న స్లాటులో సీఆర్‌సీ కుదరదు, అప్పటిదాకా తాజాది ఉన్న స్లాటు చెక్కుచెదరదు. గంటల మీటరు 511 చూపిస్తుంది. ఒక గంట తక్కువ కావచ్చు గానీ, 256 గానీ 767 గానీ ఎన్నటికీ కాదు.

వరుస సంఖ్య 16 బిట్లదైతే 65535 తర్వాత 0 వస్తుంది. అప్పుడు ‘పెద్దది ఏది’ అన్న మామూలు పోలిక తిరగబడి, 65535 ఉన్న పాత రికార్డే గెలుస్తుంది. రెండు సంఖ్యల తేడాను గుర్తుతో కూడిన 16 బిట్ల పూర్ణాంకంగా తీసుకుని, అది ధనమా రుణమా అని చూడండి. ల్యాబులో ఇది బయటపడదు, మూడేళ్ల తర్వాత వాడేవాళ్ల దగ్గర బయటపడుతుంది.

6. కరెంటు పోయే క్షణాన్ని చేతుల్లోకి తీసుకోండి

వోల్టేజి తగ్గుతున్నప్పుడు ప్రాసెసర్ వెంటనే ఆగదు. కాసేపు తప్పుడు ఆదేశాలు నడిపిస్తుంది. ఆ తప్పుడు ఆదేశాల్లో మెమరీలోకి రాసేది ఉండొచ్చు. వోల్టేజి ఒక హద్దు కంటే తగ్గగానే ప్రాసెసర్‌ను రీసెట్ చేసే బ్రౌన్-అవుట్ డిటెక్టర్ ఉన్నది దీన్ని ఆపడానికే. ఏటీమెగా328పీలో దాన్ని 1.8, 2.7 లేదా 4.3 వోల్టుల దగ్గర పెట్టుకోవచ్చు. 5 వోల్టుల పరికరంలో 4.3 మంచిది. దీన్ని ఆపేసిన పరికరంలో డేటా చెదిరిందంటే నేను ఇంకెక్కడా వెతకను, ముందు ఇదే సరిచేస్తాను.

కరెంటు పోతోందని ముందే తెలిస్తే మొదలుపెట్టిన పని పూర్తిచేయవచ్చు. రెగ్యులేటర్‌కు ముందున్న వోల్టేజిని కంపారేటర్‌తో గమనిస్తూ, పడిపోగానే ఇంటరప్ట్ వచ్చేలా చేయండి. ఎంత కెపాసిటర్ కావాలో లెక్క తేలికే: కరెంటును సమయంతో గుణించి, అనుమతించే వోల్టేజి తగ్గుదలతో భాగించాలి. సర్క్యూట్ 30 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది, మనకు 20 మిల్లీసెకన్లు కావాలి, 4.5 నుంచి 3 వోల్టుల దాకా పనిచేయగలదు అనుకుందాం. 400 మైక్రోఫారడ్లు వస్తుంది. ఇక్కడ బ్రౌన్-అవుట్ హద్దు 3 వోల్టుల కంటే కింద ఉండాలని గమనించండి. 4.3 దగ్గర పెట్టుకుంటే దిగడానికి మిగిలేది 0.2 వోల్టులే, కెపాసిటర్ ఏడు రెట్ల పైన పెరుగుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విలువలో తేడాలు మామూలే, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అందుకని 1000 పెట్టండి. ఆ కెపాసిటర్ మిగతా బోర్డుకు కరెంటు ఇవ్వకుండా డయోడ్ కావాలి. ఇంటరప్ట్ రాగానే బ్యాక్‌లైట్, రిలేలు ఆపేయండి. ఇవన్నీ ఉన్నా రెండు స్లాట్ల పద్ధతి మానకూడదు.

7. బస్సు మీద జరిగే పొరపాట్లు

24ఎల్‌సీ256లో 60వ అడ్రసు నుంచి 10 బైట్లు ఒకేసారి రాశారనుకోండి. మొదటి నాలుగు 60 నుంచి 63 దాకా వెళ్తాయి. మిగతా ఆరు 64కు వెళ్లవు. అదే పేజీ మొదటికి తిరిగి, 0 నుంచి 5 దాకా ఉన్న డేటాను తుడిచేస్తాయి. చిప్ ఏ ఎర్రరూ ఇవ్వదు. పేజీ సరిహద్దు దగ్గర ముక్కలు చేసి రాయాల్సిన బాధ్యత మనదే.

రాసిన తర్వాత 5 మిల్లీసెకన్లు గుడ్డిగా ఆగే బదులు, చిప్ అడ్రసును పంపుతూ అది జవాబిచ్చేదాకా అడగండి. ఆ లూపుకు ఒక గడువు తప్పనిసరి. చిప్ ఊడిపోయి ఉంటే పరికరం అక్కడే స్తంభించిపోకూడదు.

చదువుతున్న మధ్యలో ప్రాసెసర్ రీసెట్ అయితే ఈఈప్రామ్ డేటా లైనును కిందికి పట్టుకుని ఉండిపోతుంది. అందుకే స్టార్టప్‌లో క్లాక్ లైను మీద తొమ్మిది పల్సులు, ఆ తర్వాత ఒక స్టాప్ పంపించి బస్సును విడిపించండి.

8. చదివేటప్పుడు దేన్నీ నమ్మకండి

స్టార్టప్‌లో రెండు స్లాట్లూ చదవండి. రకం, వెర్షన్, పొడవు, సీఆర్‌సీ సరిపోయాక కూడా విలువలు అర్థవంతమైన హద్దుల్లో ఉన్నాయేమో చూడండి. పొడవును పరీక్షించకముందే ఆ పొడవు ప్రకారం బఫర్‌లోకి చదవడం మొదలుపెట్టకండి.

సీఆర్‌సీ తప్పితే వెంటనే మెమరీ చెడిందని తేల్చకండి. బస్సు మీద నాయిస్ కావచ్చు. మళ్లీ రెండుమూడు సార్లు చదివి, ప్రతిసారీ తప్పుగానే వస్తే అప్పుడు మంచి స్లాటు నుంచి చెడిన స్లాటును తిరిగి రాయండి. ఆ సంఘటనను లాగ్‌లో నమోదు చేయండి. ఒకే స్లాటు పదేపదే చెడుతుంటే చిప్ ఆయుష్షు అయిపోతున్నట్టు.

రెండూ చెడితే ఏం చేయాలన్నది డేటాను బట్టి ఉంటుంది. సెట్టింగులైతే డీఫాల్ట్‌లు వేసి, ఆ సంగతి స్క్రీన్ మీద చెప్పండి. మొత్తం ప్రవాహం లాంటి కౌంటరును చప్పుడు చేయకుండా సున్నా చేయకండి, ఎవరో దాని మీద బిల్లు వేస్తుంటారు. కాలిబ్రేషన్ పోతే మాత్రం డీఫాల్ట్ గుణకాలతో మామూలుగా నడిచే పరికరం తయారు చేయొద్దని బతిమాలుతున్నాను. కొలత ఆపేయండి, లేదా ప్రతి రీడింగ్ పక్కనా ‘కాలిబ్రేషన్ లేదు’ అని కనిపించేలా చేయండి. అన్ని బైట్లూ 255 ఉంటే అది కొత్త బోర్డు, ఇంకేదైనా ఉంటే చెడిన డేటా. ఈ రెండింటికీ వేర్వేరు సందేశాలు ఇవ్వండి.

కొత్త ఫర్మ్‌వేర్‌కు పాత వెర్షన్ రికార్డు దొరికితే ర్యామ్‌లో మార్చుకుని రెండో స్లాటులోకి రాయాలి. పాత ఫర్మ్‌వేర్‌కు తనకు తెలియని కొత్త వెర్షన్ ఎదురైతే దాన్ని చెరపకూడదు. ఎర్రరు చూపించి ఆగాలి.

9. కాలిబ్రేషన్‌కు తాళం

కాలిబ్రేషన్‌ను విడి ఈఈప్రామ్ చిప్‌లో పెట్టి, దాని రైట్ ప్రొటెక్ట్ పిన్నును బోర్డు మీది జంపరుకు కలపండి. సాఫ్ట్‌వేర్ ఎంత గాడి తప్పినా ఆ పిన్ను దాటలేదు. దీనితో పాటు కాలిబ్రేషన్ ఎన్నిసార్లు మారిందో చెప్పే కౌంటరు ఉంచండి. 34401ఏ మల్టీమీటర్‌లో ఈ ఏర్పాటు ఉంది. సర్టిఫికెట్ మీద ఆ సంఖ్య రాసి ఉంటే, మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారో లేదో వెంటనే తేలిపోతుంది. సీరియల్ పోర్టు ద్వారా కాలిబ్రేషన్ మొత్తాన్ని బయటికి తీసే కమాండ్ కూడా ఇవ్వండి. సీరియల్ నంబరు, తేదీ, సీఆర్‌సీతో సహా ఫైలుగా దాచుకుంటే చిప్ కాలిపోయినా విలువలు మిగులుతాయి.

10. కరెంటు తీసేసి పరీక్షించండి

మొదట కంప్యూటర్ మీదే చేయండి. ఈఈప్రామ్ బదులు ఒక బైట్ల అర్రే, ‘ఇన్ని బైట్ల తర్వాత రాయడం ఆగిపోవాలి’ అని చెప్పే ఒక సంఖ్య. ఆ సంఖ్యను 0 నుంచి రికార్డు మొత్తం పొడవు దాకా ఒక్కొక్కటిగా పెంచుతూ, ప్రతిసారీ చదివే ఫంక్షన్‌ను నడపండి. వచ్చే జవాబు పాత విలువో కొత్త విలువో అయి తీరాలి. మూడో జవాబు ఒక్కసారి వచ్చినా కోడ్‌లో తప్పుంది. ఆగిన చోట ఆఖరి బైటులో చెత్త విలువ పెట్టి కూడా ఇదే నడపండి. నిజమైన చిప్‌లో అలా జరగొచ్చు.

తర్వాత బోర్డు మీద. మాస్‌ఫెట్‌ను స్విచ్‌గా వాడి సప్లైని ఇష్టమొచ్చిన సమయాల్లో తెంచుతూ, ఆన్ అయిన ప్రతిసారీ సీరియల్ పోర్టు ద్వారా విలువ అడిగి నమోదు చేసే ఏర్పాటు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఈ పరీక్షలో మెమరీ బాగా అరుగుతుంది కాబట్టి ఆ బోర్డును అమ్మకానికి పంపకండి. ఆఖరున సప్లైని ఒక్కసారిగా తెంచకుండా, ఐదు వోల్టుల నుంచి నిమిషం పాటు నెమ్మదిగా దించి, అంతే నెమ్మదిగా పెంచండి. బ్యాటరీ అయిపోయేటప్పుడు వోల్టేజి ఇలాగే దిగుతుంది. బ్రౌన్-అవుట్ హద్దు దగ్గర వోల్టేజిని కాస్త అటూ ఇటూ ఊపుతూ, పరికరం పదేపదే రీసెట్ అవుతున్నా రెండు స్లాట్లలో ఒకటైనా నిలబడుతోందో లేదో చూడండి. స్టార్టప్‌లో చెడిన స్లాటును బాగుచేసే కోడ్ ఉంటే అసలు పరీక్ష దానికి ఇక్కడే. సప్లై కనీసం 100 మిల్లీసెకన్లు నిలకడగా ఉన్నాకే ఆ కోడ్ రాయడం మొదలుపెట్టాలి.